చెక్కింది కలపనా, పూతనా? జపాన్ ఉరుషి పాత్రల గురించి ఒక మనవి

సంపాదకులు గారికి,

నమస్కారం. జపాన్ చేతిపనుల వస్తువులు విదేశాల్లో ఎలా అమ్ముడవుతున్నాయో వివరిస్తూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. చెక్కడపు పళ్లేలకూ, భరిణెలకూ, ట్రేలకూ తెలుగులో అంత చోటు దొరకడం అరుదు కాబట్టి ముందుగా అందుకు కృతజ్ఞతలు. నేను కొన్నేళ్లుగా యోకోహామాలో ఉంటూ, ఇలాంటి వస్తువులను విదేశాలకు పంపే ఒక చిన్న సంస్థకు వాటి వివరణలు రాసిపెడుతున్నాను. కొనేవాళ్ల సందేహాలకు జవాబులు, తిరిగి వచ్చిన వస్తువుల మీద ఫిర్యాదులకు సంజాయిషీలు కూడా నా చేతి మీదుగానే వెళ్తాయి. ఈ కళను బయటి దేశాల వారికి పరిచయం చేసేవాళ్లు దాని వయసు చెబుతారు, మెరుపు చెబుతారు, చేసిన వారి ఓర్పు గురించి పేజీలకు పేజీలు రాస్తారు. కానీ కొనేవాడి చేతిలో ఉన్న వస్తువులో చెక్కింది దేన్ని, పూసింది దేన్ని అన్న మొదటి సంగతి మాత్రం చెప్పరు. మీ వ్యాసం కూడా ఆ దారినే నడిచింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట గురించి. వ్యాసమంతటా ‘లక్క’ అని రాశారు. మనకు లక్క అంటే కొమ్మలను పట్టుకుని బతికే చిన్న పురుగుల నుంచి వచ్చే పదార్థం. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది. లక్కయిల్లు ఎలా తగలబడిందో కథగా విని పెరిగినవాళ్లం, కాబట్టి ఆ మాట వినగానే నిప్పుకు ఆగని వస్తువే మనసులోకి వస్తుంది. జపాన్ వారి ఉరుషి పురుగు నుంచి వచ్చేది కాదు, చెట్టు సొన. జీడి, మామిడి ఏ కుటుంబానివో ఉరుషి చెట్టూ ఆ కుటుంబానిదే. జీడిసొన పడితే ఒళ్లు పొక్కినట్టు ఉరుషి పచ్చిసొన తగిలినా దద్దుర్లు లేస్తాయి. బెరడు మీద అడ్డంగా గాట్లు పెట్టి, కారిన సొనను గరిటెలాంటి పనిముట్టుతో గీరి తీస్తారు. చెట్టు పెరగడానికి పది పదిహేనేళ్లు పడితే, దాని నుంచి వచ్చే సొన మొత్తం 200 గ్రాముల చిల్లర. ఒక్క కాలంలో అంతా తీసుకున్నాక చెట్టును నరికేసి, మొదలు నుంచి కొత్త చిగురు రానిస్తారు. జపాన్‌లో తీసే సొనలో ఎక్కువ భాగం ఇవాతే రాష్ట్రంలోని జోబోజి ప్రాంతానిదే. దేశానికి కావలసిన దానిలో అది చిన్న భాగం మాత్రమే, మిగతాదంతా ప్రధానంగా చైనా నుంచి వస్తుంది. ఈ సంగతి దాచవలసిన అవసరం ఏమీ లేకపోయినా, అమ్మేవాళ్లు ఎందుకో దీన్ని నోట రానివ్వరు.

ఇంకొక విచిత్రం కూడా ఉంది. మామూలు రంగును ఎండలో ఆరబెడతాం. ఉరుషి ఆరడానికి తేమ కావాలి. సొనలో ఉండే ఒక ఎంజైమ్ గాలిలోని ప్రాణవాయువును పట్టుకుని పూతను గట్టిపరుస్తుంది, ఆ పని సవ్యంగా సాగాలంటే 20 నుంచి 25 డిగ్రీల వేడి, 70 శాతం పైన తేమ ఉండాలి. అందుకే పనివాళ్లు పూసిన పాత్రలను తేమ పట్టించిన చెక్క అల్మరాలో పెట్టి తలుపులు మూస్తారు. వానాకాలంలో త్వరగా ఆరి, పొడి చలికాలంలో మొరాయించే రంగు ఇది. అలా ఒకసారి బిగిసిన తరువాత పులుపుకూ, సారాయికీ, వేడి పులుసుకూ చలించదు. దద్దుర్ల భయమూ దాదాపుగా పోతుంది. దీన్ని లక్క అని పిలిచినంత కాలం, వేడి గంజి పోస్తే కరుగుతుందేమోనన్న అనుమానం కొనేవాడిని వదలదు. ఉరుషి అన్న పేరును అలాగే వాడితే నష్టమేమీ లేదు. సుషి అన్న మాటను పలకగలిగిన నోరు ఉరుషిని పలకలేకపోదు.

ఇక అసలు విషయానికి వస్తాను. చెక్కడపు ఉరుషి పాత్రలని ఒకే అరలో పెట్టి అమ్ముతున్నవి నిజానికి రెండు వేరు వేరు పనులు. ఒకటి, కలపను ముందు చెక్కి, ఆ చెక్కడం మీద ఉరుషి పూసేది. రెండోది, ఉరుషినే పొర మీద పొరగా పూసి, మందం వచ్చాక ఆ పూతనే చెక్కేది. రెండోది చైనా నుంచి వచ్చిన విద్య. ఎర్ర పొరలైతే త్సుయిషు అనీ, నల్ల పొరలైతే త్సుయికొకు అనీ జపాన్‌లో అంటారు. యోకోహామాకు దగ్గర్లోని కామకురా పట్టణం నుంచి ఏలిన పాలకుల కాలంలో జెన్ బౌద్ధంతో పాటు ఈ చైనా భరిణెలు, పళ్లేలు మఠాలకు చేరాయి. పొరలు పూసి చెక్కడానికి పట్టే కాలం, అయ్యే సొన చూసి కాబోలు, అక్కడి బుద్ధ విగ్రహాల శిల్పులు తమకు చేతనైన దారి పట్టారు: కలపలోనే పూలను లోతుగా చెక్కి, పైన ఉరుషి పూశారు. అదే కామకురాబోరి, అంటే కామకురా చెక్కడం. 1253లో స్థాపించిన కెంచోజి మఠంలోని పీఠం మీద చెక్కిన పనిని దీనికి ఆది రూపాల్లో ఒకటిగా చూపుతారు.

1868లో కొత్తగా వచ్చిన మెయిజి ప్రభుత్వం జపాన్ స్వదేశీ మతమైన షింటోను బౌద్ధం నుంచి విడదీసిన తరువాత మఠాల పని పోయింది, శిల్పుల చేతుల్లో ఉలులు మిగిలాయి. గోతో, మిత్సుహాషి వంశాల వాళ్లు అప్పుడే పళ్లేలు, ట్రేలు, పెట్టెల వైపు తిరిగారు. 1889లో యోకోసుకా రైలు మార్గం వచ్చి కామకురాకు విహారానికి వచ్చేవాళ్లు పెరిగారు, వాళ్ల చేతుల్లో ఈ పళ్లేలు ఊళ్లు దాటాయి. అంటే వస్తువును బయటివాళ్లకు అమ్మడం ఈ కళకు కొత్త కాదు, ఇవాళ మనం చూస్తున్న రూపమే ఆ అమ్మకం వల్ల వచ్చింది. ‘శతాబ్దాలుగా మార్పు లేకుండా’ అని ప్రచారంలో రాసే మాటను నేను నా వివరణల్లోంచి కొట్టేయడానికి కారణం అదే.

కామకురా పళ్లేన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే పని తెలుస్తుంది. కట్సురా అనే మెత్తటి, సమమైన కలప. పూల అంచుల వెంట చాకును నిలువుగా దించి గీత తెగ్గొడతారు, తరువాత ఆ గీత బయటి కలపను ఏటవాలుగా తీసేస్తారు. అందుకే పువ్వు పైకి లేచినట్టు కనిపిస్తుంది. నేపథ్యాన్ని నున్నగా చేయకుండా చాకు నడిచిన జాడలను అలాగే ఉంచుతారు, దున్నిన మడిలో చాళ్లలా. ఆ పైన పచ్చి ఉరుషి పట్టించి, పొడి చల్లి గట్టిపరిచి, నల్ల పూత, దాని మీద ఎర్ర పూత వేస్తారు. చివర్లో మకొమొ అనే నీటి గడ్డి నుంచి తీసిన నల్లటి పొడిని చల్లి రుద్దుతారు. మిట్టల మీద పొడి నిలవదు, పల్లాల్లో నిలుస్తుంది. దానితో ఎరుపుకు నీడలు వస్తాయి, కొత్త పళ్లెం కూడా తరాలు వాడినట్టు కనిపిస్తుంది.

ఈ నీడల గురించి చెప్పకపోతే ఏమవుతుందో నాకు అనుభవం. ఒక విదేశీ కొనుగోలుదారు పళ్లెం అందుకున్న వారానికే ‘పూల మధ్య మట్టి పేరుకుంది, పాత సరుకు అంటగట్టారు’ అని రాశారు. జత చేసిన ఫొటోలు రెండు: ఒకటి వచ్చినప్పటిది, రెండోది బ్రష్‌తో తోమి ‘శుభ్రం’ చేసిన తరువాతది. నాలుగు రేకుల పువ్వులో రెండు రేకుల చుట్టూ నీడ పోయి, చవక రంగు వేసినట్టు ఎర్రగా మిగిలింది. తప్పు ఆయనది కాదు. ఆ నలుపు పనిలో భాగమని మేం పంపిన కాగితంలో ఒక్క ముక్క లేదు. కాగితం నిండా సమురాయిలే ఉన్నారు.

త్సుయిషు పేరుతో ఇంకో చిక్కు ఉంది. నీగాతా రాష్ట్రంలోని మురకామి అనే పాత కోట పట్టణంలో చేసే వస్తువుల పేరు ‘మురకామి కిబోరి త్సుయిషు’. పేరు చివర త్సుయిషు అని ఉన్నా, మొదట్లో ఉన్న కిబోరికి అర్థం కలప చెక్కడం. అంటే పనితీరు కామకురా దారే, రూపం మాత్రం చైనా ఎర్ర పొరల చెక్కడాన్ని తలపిస్తుంది. చెక్కడం చాలా సన్నగా, వెంట్రుకంత గీతలతో సాగుతుంది. ఆ పేరులోంచి మొదటి ముక్కను కోసేసి ‘త్సుయిషు’ అని మాత్రమే రాసి అమ్మేవాళ్లను చూశాను. వందల పొరలు పూసి చెక్కిన వస్తువు కొన్నానని కొనేవాడు అనుకుంటాడు. మురకామి పనికి ఇంకో గుణం ఉంది, అది ముందుగా చెప్పి తీరాలి: కొత్త వస్తువు మెరవదు. పై పూత మెరుపును పనివాళ్లే తగ్గిస్తారు. రోజూ వాడుతూ, కడుగుతూ, తుడుస్తూ ఉంటే ఏళ్ల మీద మెరుపు దానంతట అదే పైకి వస్తుంది. ‘మెరుపు లేదు’ అని తిరిగి పంపిన గిన్నెను నేను నా వంటింట్లో వాడుకుంటున్నాను. అంచు మీద, నా బొటనవేలు పడే చోట, ఇప్పుడిప్పుడే వెలుగు తేలుతోంది.

పూతనే చెక్కే పని ఇవాళ ముఖ్యంగా షికోకు ద్వీపంలోని తకమాట్సులో, కగావా ఉరుషి పనుల్లో ఒకటిగా బతుకుతోంది. అక్కడ దాన్ని చోషిత్సు అంటారు. ఒక్కో పూత ఎంత పలచనో ఊహించడానికి ఈ లెక్క చాలు: సుమారు 100 సార్లు పూస్తే వచ్చే మందం 3 మిల్లీమీటర్లు. ప్రతి పూతా ఆరాకే తరువాతిది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పొరలను ఒక వరుసలో పూసి, ఎంత లోతుకు చెక్కితే ఏ రంగు బయటపడుతుందో ముందే మనసులో లెక్క కట్టుకుని ఉలి దించాలి. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ దిగితే ఆకుపచ్చ ఆకు ఎర్రదైపోతుంది, దిద్దుకోవడానికి లేదు. ఈ పనిలో ఒతొమారు కొదోను 1955లో జపాన్ ప్రభుత్వం ‘సజీవ జాతీయ నిధి’గా గుర్తించింది. అంతకు ముందు సంవత్సరమే కగావా రాష్ట్రం ఈ విద్యలు నేర్పడానికి ఒక ఉరుషి కళా పరిశోధనాలయాన్ని నెలకొల్పింది.

అదే ఊళ్లో, 19వ శతాబ్దంలో తమకజి జోకొకు అనే పనివాడు చైనా నుంచీ ఆగ్నేయాసియా దేశాల నుంచీ వచ్చిన వస్తువులను చూసి నేర్చి నిలబెట్టిన పనుల్లో కింమా ఒకటి. పూత మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో రంగు ఉరుషి నింపి, పైన సానపడితే రంగు గీతలు నున్నటి ఉపరితలంలో కలిసిపోతాయి. కింమా అన్న మాట థాయి భాషలో వక్క నమలడాన్ని చెప్పే మాట నుంచి వచ్చిందంటారు. థాయిలాండ్ నుంచి వచ్చినవి తాంబూలపు పెట్టెలు కాబట్టి, పెట్టె పేరే పనికి పేరైంది. తాంబూలం అంటే తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ ఒక్క వాక్యం చెబితే, పది వాక్యాల ‘తూర్పు దేశాల రహస్య సౌందర్యం’ కంటే వస్తువు దగ్గరవుతుంది. మీ వ్యాసంలో కింమా మాటే లేకపోవడం నాకు నిజంగా వెలితి అనిపించింది.

చెక్కింది కలపనో పూతనో చెప్పకుండా వదిలేస్తే, ఆ ఖాళీలోకి మూడో సరుకు దూరుతుంది. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఇంటికి కానుకగా పంపడానికి ఒక ఆన్‌లైన్ దుకాణంలో ‘చేతితో చెక్కిన జపాన్ ఎర్ర పళ్లేలు’ జత కొన్నాను. కామెలియా పూలు, ఎర్ర పూత, నల్ల నీడలు, అన్నీ ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు మూడో రేకు అంచున చాకు జారిన చిన్న గాటు కనిపించి, చేతిపని కదా అని ముచ్చటపడ్డాను. రెండో పళ్లెంలో మూడో రేకు అంచునా అదే గాటు, అదే పొడవు, అదే వాలు. అచ్చులో పోసిన ప్లాస్టిక్. ఎవరో ఒక పనివాడి చేయి ఒకసారి జారింది, అచ్చు ఆ జారుడును వేలసార్లు పోసింది. పళ్లెం అడుగున గోటితో కొడితే కలప శబ్దం లేదు, చేతికి బరువూ తేడాగానే ఉంది, కానీ ఫొటోలో శబ్దం వినపడదు, బరువు తెలియదు.

జపాన్ లోపల ఇది ఇంత సులువు కాదు. ఇంటి వస్తువుల నాణ్యతను తెలిపే చీటీల చట్టం ప్రకారం ఇలాంటి పాత్రల మీద పూత ఏ రకమో, లోపలి పదార్థం ఏదో రాయాలి: ఉరుషియా, సింథటిక్ రంగా, కలపా, కలప పొడి కలిపిన రెజినా, ప్లాస్టికా. మరోవైపు 1974లో తెచ్చిన సంప్రదాయ చేతిపనుల చట్టం కింద, రోజువారీ వాడకానికి పనికివచ్చేదీ, ముఖ్యమైన పనంతా చేతితో సాగేదీ, కనీసం 100 ఏళ్లుగా నిలిచిన పనితనం, పదార్థాలతో చేసేదీ అయితేనే ఒక ప్రాంతపు వస్తువును ప్రభుత్వం గుర్తిస్తుంది. మురకామి, కగావా పనులకు 1976లో, కామకురాబోరికి 1979లో ఆ గుర్తింపు వచ్చింది. తనిఖీలో నెగ్గిన వాటి మీద గుర్తింపు చీటీ అంటిస్తారు. విచారకరమైన సంగతి ఏమిటంటే, పెట్టె విదేశానికి బయలుదేరేటప్పుడు ఈ రెండు చీటీలూ జపనీస్ లిపిలోనే ఉండిపోతాయి, ఆన్‌లైన్ పేజీలో వాటికి అనువాదం ఉండదు. ఉన్న ఆధారాన్నే చదవనివ్వకుండా కొత్త ప్రశంసలు రాయడం ఎందుకో నాకు అర్థం కాదు. చీటీలో ఉన్న రెండు వరుసలను కొనేవాడి భాషలోకి మార్చి, పేజీలో ధర పక్కనే పెడితే సగం తగాదాలు తగ్గుతాయని మా సంస్థలో చేసి చూసి చెబుతున్నాను.

సుంకం కాగితాలకు కూడా ఈ వివరమే అవసరం. దేశాలన్నీ వాడే సుంకాల జాబితాలో, తినడానికి, వండుకోవడానికి వాడే కలప సామానుది 4419 శీర్షిక, కలప నగల పెట్టెలు, అలంకరణ వస్తువులది 4420. అమెరికాకు 800 డాలర్ల లోపు పొట్లాలకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న ఆగిపోయాక, ఇదివరకు ఎవరూ చదవని ‘లోపలి వస్తువు’ గడిని ఇప్పుడు అధికారులు చదువుతున్నారు. అందులో ‘లాకర్’ (lacquer, అంటే పూత) అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్ల పొట్లాలు నిలిచిపోతే ఆశ్చర్యం లేదు.

వాడకం గురించి చెప్పే కాగితమూ ఇలాగే ఉంది. 1873లో వియన్నా ప్రపంచ ప్రదర్శనకు వెళ్లిన వస్తువులను తెస్తున్న నీల్ అనే ఫ్రెంచి ఓడ 1874లో ఇజు ద్వీపకల్పం దగ్గర మునిగిపోయింది; ఏడాది దాటాక సముద్రం అడుగు నుంచి పైకి తీసిన ఉరుషి పాత్రలు పాడవకుండా ఉన్నాయి. ఈ కథను అమ్మేవాళ్లు ఇష్టంగా చెబుతారు. విన్నవాడు, ఉప్పునీటికే ఆగినది నా ఇంట్లో దేనికైనా ఆగుతుంది అనుకుంటాడు. కానీ ఉరుషికి నీరు శత్రువు కాదు. ఎండా, పొడిగాలీ శత్రువులు. చలిదేశాల్లో చలికాలమంతా హీటర్లు వేసిన గదిలో గాలి ఎండిపోతుంది, లోపలి కలప ముడుచుకుంటుంది, పూత దానితో పాటు ముడుచుకోలేక పగులుతుంది. కిటికీ దగ్గర ఎండలో పెట్టిన పళ్లెం రంగు వెలుస్తుంది. గిన్నెలు కడిగే యంత్రంలో, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. గోరువెచ్చని నీటితో మెత్తటి గుడ్డతో కడిగి, నానబెట్టకుండా వెంటనే తుడిస్తే చాలు. గాజు అలమరలో దాచిన దానికంటే రోజూ అన్నం తినే గిన్నె ఎక్కువ కాలం బాగుంటుంది. ఓడ కథ చెప్పే ఓపిక ఉన్నవాళ్లు హీటర్ సంగతి కూడా చెప్పాలి.

అన్నిటికంటే తక్కువగా చెబుతున్నది మరమ్మతు గురించి. అంచు విరిగినా, పూత లేచినా ఉరుషి పాత్రను మళ్లీ లప్పం పెట్టి, మళ్లీ పూసి బాగుచేయవచ్చు, అచ్చులో పోసిన పళ్లేనికి ఆ అదృష్టం లేదు. విదేశంలో ఉన్నవాడు విరిగిన గిన్నెను ఎక్కడికి, ఎలా పంపాలో, తపాలా ఖర్చు ఎవరిదో, ఎన్ని నెలలు పడుతుందో అమ్మేటప్పుడే రాసి ఇస్తే, వేల యెన్లు పోసి కొన్నది ఎందుకో అతనికి వేరే చెప్పనక్కరలేదు. కొన్ని చిన్న పనిశాలలు ఇది చేస్తున్నాయి, చాలా దుకాణాలు చేయడం లేదు. మరమ్మతు అన్న మాట రాస్తే వస్తువు పాడవుతుందని ఒప్పుకున్నట్టు అవుతుందని వాటి భయం.

చివరగా మీకు ఒక చిన్న సవరణ కోరుతున్నాను. మీ వ్యాసంలో మూడో ఫొటో కింద ‘లక్కను చెక్కి చేసిన ప్రాచీన పళ్లెం’ అని వేశారు. ఫొటో స్పష్టంగానే ఉంది: నేపథ్యంలో చాకు జాడలు చాళ్లుగా కనిపిస్తున్నాయి, ఎడమ వైపు కింది అంచున పూత అరిగిన చోట కలప నార బయటపడింది. అది కామకురా పళ్లెం. రాబోయే సంచికలో ఎక్కడో ఒక మూల, ‘చెక్కినది కట్సురా కలప, పైన పూసినది ఉరుషి’ అని ఒక్క వరుస వేయగలరు.

ఇట్లు,
యోకోహామా నుంచి ఒక పాఠకురాలు